రంగు చూసి కాదు... రాగం విని కొనాలి!

కొత్త చిన్న కారు ధరకే నాలుగైదేళ్లు తిరిగిన సెడాన్ ఇంటికొస్తుందంటే ఎవరికి ఆశ ఉండదు! కాకపోతే పాత కారులో కొన్ని లోపాలు బేరానికి పనికొస్తాయి. కొన్ని కొంప ముంచుతాయి. ఏది ఏదో తెలుసుకుని అడుగు ముందుకేస్తే ఆ బండి పదేళ్లు నమ్మకంగా సేవ చేస్తుంది.

పిల్లకు సంబంధం చూసేటప్పుడు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు ఆరా తీస్తారు. పెళ్లికి పట్టుచీర కొనాలంటే నాలుగు దుకాణాలు తిరుగుతారు. అదే పాత కారు దగ్గరికొచ్చేసరికి... చుట్టూ ఓసారి తిరిగి, డోరు తీసి వేసి, పాటలు పెట్టి చూసి, అడ్వాన్సు చేతిలో పెట్టేసేవాళ్లే ఎక్కువ. 'సింగిల్ ఓనర్ సార్, డాక్టరుగారు వాడిన బండి' అన్న ఒక్క మాట చాలు, సగం మంది మెత్తబడిపోతారు.

ఎస్‌యూవీల మోజు పెరిగాక సెడాన్లకు గిరాకీ తగ్గింది. వెనక డిక్కీ, విశాలమైన సీట్లు, హైవే మీద ఒదిగి పరిగెత్తే తీరు... ఇవన్నీ ఉన్నా పాత బండ్ల బజారులో డిజైర్, అమేజ్, సిటీ, వెర్నా, సియాజ్ లాంటివి అందుబాటు ధరల్లోనే కనిపిస్తున్నాయి. మధ్యతరగతి కుటుంబానికి ఇది మంచి అవకాశమే. కానీ అమ్మకానికొచ్చిన బండికి పాలిష్ పట్టించడం, సీటు కవర్లు మార్చడం, ఇంజిన్‌ను నీళ్లతో కడిగి తళతళలాడించడం ఒక్క పూట పని. కంటికి కనిపించే వాటిని దిద్దడం తేలిక, చవక. కనిపించనివి బాగుచేయించాలంటేనే వేలకు వేలు. అందుకే చూడాల్సిన వరుస కూడా అమ్మేవాళ్లు దాచలేని చోటు నుంచే మొదలవ్వాలి.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే...

కారు చూడటానికి పొద్దున్నే వెళ్లాలి. 'మీరు రాకముందే స్టార్ట్ చేయొద్దు' అని ముందే చెప్పాలి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా తగిలితే బండిని ముందే నడిపి సిద్ధం చేశారన్నమాట. అదేమీ నేరం కాదుగానీ, అనుమానించడానికి అది చాలు. ఎందుకంటే అరిగిపోయిన ఇంజిన్, బలహీనపడ్డ బ్యాటరీ, కారుతున్న ఇంజెక్టరు... ఇవన్నీ తెల్లారి మొదటి స్టార్ట్‌లోనే బయటపడతాయి. ఓసారి వేడెక్కాక చాలా జబ్బులు సర్దుకున్నట్టే కనిపిస్తాయి.

తాళం తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఒక్క క్షణం ఆగాలి. అప్పుడు డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్, ఆయిల్, బ్యాటరీ, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ గుర్తులన్నీ వెలగాలి. స్టార్ట్ అయ్యాక కొద్ది క్షణాల్లో ఒక్కొక్కటిగా ఆరిపోవాలి. ఆరకపోతే ఎక్కడో లోపం ఉంది. అసలు వెలగనే వెలగకపోతే? అది ఇంకా ప్రమాదం. లోపం తెలియకుండా ఆ దీపం తీగ తెంపేసి ఉండొచ్చు. ముఖ్యంగా ఎయిర్‌బ్యాగ్ దీపం వెలగలేదంటే... గతంలో ప్రమాదం జరిగి ఎయిర్‌బ్యాగులు విచ్చుకున్నాయేమో, కొత్తవి పెట్టించకుండానే పైన మూత బిగించారేమో అని నిగ్గు తేల్చుకోవాల్సిందే. అది డబ్బుకు సంబంధించిన విషయం కాదు, ప్రాణానికి సంబంధించింది.

పొగే సాక్షి

ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు ఒకరు లోపల, మరొకరు సైలెన్సర్ వెనక ఉండాలి. బయటికొచ్చే పొగ రంగే ఇంజిన్ ఆరోగ్యానికి గుర్తు.

నీలంగా వస్తే ఇంజిన్ ఆయిల్ కాలిపోతోందని అర్థం. పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో అరిగి ఉంటాయి. మెకానిక్కుల భాషలో చెప్పాలంటే 'బండి బోరుకొచ్చింది'. ఇంజిన్ విప్పి చేయించే పని అది. ఖర్చు ఎంతవుతుందో విప్పేదాకా ఎవరూ చెప్పలేరు.

తెల్లగా వస్తే కంగారు పడక్కర్లేదు. చలికాలం ఉదయం సైలెన్సర్‌లో చేరిన తేమ ఆవిరిగా పోతుంది. కానీ ఇంజిన్ వేడెక్కాక కూడా దట్టంగా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ సిలిండర్లలోకి చేరుతున్నట్టే. అంటే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండాలి, లేదా హెడ్ వంగిపోయి ఉండాలి.

నల్లగా వస్తే ఇంధనం సరిగ్గా మండట్లేదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడం లాంటి చిన్న కారణం కావచ్చు. డీజిల్ బండిలో ఇంజెక్టర్లు, టర్బో లాంటి పెద్ద కారణమూ కావచ్చు.

తర్వాత ఆయిల్ కొలిచే కడ్డీ తీసి చూడాలి. ఆయిల్ నల్లగా ఉంటే తప్పులేదు, వాడకంలో రంగు మారుతుంది. మరీ తక్కువగా ఉంటే మాత్రం యజమాని బండిని పట్టించుకోలేదని అర్థం. ఆయిల్ పాలు కలిపిన కాఫీలా కనిపించిందా... అక్కడితో బేరం ఆపేయొచ్చు. నీళ్లూ ఆయిలూ కలిసిపోయాయనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూతను మెల్లగా వదులు చేసి చూడటం పాత మెకానిక్కుల పద్ధతి. కొద్దిగా ఆవిరి రావడం మామూలే. గుప్పుగుప్పున పొగ ఎగదన్నుతుంటే మాత్రం సిలిండర్లలోంచి ఒత్తిడి కిందికి జారిపోతోందన్నమాట. అదీ బోరు పనికి దారితీసేదే.

కూలెంట్ రంగు కూడా చూడాలి. తుప్పు రంగు నీళ్లు ఉంటే కూలెంట్ బదులు ఎప్పుడూ కుళాయి నీళ్లే పోశారని చెప్పొచ్చు. మన ఎండలకు అలాంటి బండిలో రేడియేటర్, వాటర్ పంపు త్వరగా పాడవుతాయి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీయకూడదు. మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి.

బెల్టా... చైనా?

చాలామంది అడగడం మర్చిపోయే ప్రశ్న ఇది. ఇంజిన్ లోపల పిస్టన్లనీ వాల్వులనీ ఒక లయలో నడిపించేది కొన్ని బండ్లలో రబ్బరు బెల్టు, మరికొన్నింటిలో ఇనుప చైను. బెల్టు ఉన్న బండికి కంపెనీ చెప్పిన దూరం నడిచాక దాన్ని తప్పనిసరిగా మార్చాలి. ఆ దూరం ఎంతన్నది మోడల్‌ను బట్టి మారుతుంది, కారుతోపాటు ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. మార్చకుండా వదిలేస్తే ఏదో ఒక రోజు నడిరోడ్డు మీద తెగుతుంది. అప్పుడు చాలా ఇంజిన్లలో పిస్టన్లు వెళ్లి వాల్వులను ఢీకొంటాయి. బెల్టు ఖర్చుతో పోయేది ఇంజిన్ ఖర్చుకొస్తుంది.

బిల్లు ఉంటే మార్చినట్టు, లేకపోతే మార్చనట్టే లెక్క. 'మొన్ననే వేయించాను సార్' అన్న మాటకు విలువ లేదు. చైను ఉన్న ఇంజిన్‌లో ఈ బెడద తక్కువ. కానీ ఆయిల్ సకాలంలో మార్చని బండ్లలో చైను సాగిపోయి, పొద్దున స్టార్ట్ చేయగానే గలగలమని చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు కొద్ది క్షణాల్లో ఆగకపోతే మెకానిక్‌కి వినిపించాలి.

డీజిల్ లాభమేనా?

పాత డీజిల్ సెడాన్ చవగ్గా వస్తోంది, మైలేజీ బాగుంది అని మురిసిపోయే ముందు ఓ లెక్క వేసుకోవాలి. డీజిల్ ఇంజిన్‌లో టర్బో, ఇంజెక్టర్లు, హై ప్రెషర్ పంపు ఖరీదైన భాగాలు. వీటిలో ఒక్కటి మొరాయించినా ఇంధనంలో రెండేళ్లు మిగిల్చింది ఒక్కసారే పోతుంది. గేరు వేసి గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పికప్ సాఫీగా అందుకోవాలి. ఈల వేసినట్టు పెద్ద శబ్దం వచ్చినా, బండి ముందుకు లాగకుండా నల్లపొగ వదిలినా టర్బో వైపు చూడాలి.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లలో మసిని పట్టి ఉంచే ప్రత్యేక ఫిల్టర్ ఉంటుంది. బండి అప్పుడప్పుడూ హైవే మీద ఆగకుండా నడిస్తేనే ఆ మసి కాలిపోయి ఫిల్టర్ శుభ్రపడుతుంది. రోజూ ఇంటి నుంచి ఆఫీసుకు నాలుగైదు కిలోమీటర్లు తిరిగే బండిలో అది మూసుకుపోతుంటుంది. కాబట్టి ఊళ్లోనే తిరిగే కుటుంబానికి పెట్రోలు బండే మేలు. నెలకు వెయ్యీ రెండు వేల కిలోమీటర్లు హైవే మీద తిరిగేవాళ్లకే డీజిల్ కలిసొస్తుంది.

పెట్రోలు బండికీ ఓ చిక్కుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లలో అందుకు తగ్గ భాగాలు వాడుతున్నారు. అంతకు ముందు బండ్లలో ఇంధనం పారే రబ్బరు పైపులు, సీళ్లు గట్టిపడ్డాయా, పగుళ్లున్నాయా అని చూసుకోవడం మంచిది. బానెట్ ఎత్తగానే పెట్రోలు వాసన గుప్పుమందంటే అశ్రద్ధ చేయకూడదు.

క్లచ్ జారితే... గేరు మొరాయిస్తే

నగరం ట్రాఫిక్‌లో తిరిగిన బండికి ముందుగా అరిగేది క్లచ్. పరీక్ష తేలికే. ఖాళీ రోడ్డు మీద మూడో, నాలుగో గేరులో తక్కువ వేగంతో వెళ్తూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కాలి. ఇంజిన్ అరుస్తోందిగానీ బండి అందుకు తగ్గట్టు వేగం పుంజుకోవట్లేదంటే క్లచ్ జారుతోంది. పెడల్‌ను పూర్తిగా పైకి వదిలేదాకా బండి కదలకపోయినా, పెడల్ మరీ గట్టిగా ఉన్నా అదే మాట. క్లచ్ మార్చడం మామూలు పనే. ఎంతవుతుందో కనుక్కుని ఆ మొత్తం ధరలో తగ్గించమని అడగొచ్చు.

గేర్లు ఒక్కొక్కటీ వేసి చూడాలి. రెండు, రివర్స్ గేర్లు పడేటప్పుడు కరకరమన్నా, పడిన గేరు దానంతటదే జారి న్యూట్రల్‌కి వచ్చినా గేర్‌బాక్స్ విప్పాల్సిందే.

ఆటోమేటిక్ బండయితే ఇంకా జాగ్రత్త అవసరం. పేరు ఒక్కటే అయినా లోపల రకాలు వేరు. మామూలు గేర్‌బాక్స్‌కే మోటార్లు బిగించిన ఏఎంటీలో గేరు మారేటప్పుడు కొద్దిగా తల ఊగడం సహజం, అది లోపం కాదు. సీవీటీలో అసలు కుదుపే ఉండకూడదు. మెల్లగా కదిలేటప్పుడు బండి వణికితే లోపల బెల్టు, ఫ్లూయిడ్ చూపించాలి. రెండు క్లచ్‌లుండే డీసీటీ, డీఎస్‌జీ రకాల్లో కొన్ని, గంటల తరబడి నిలుస్తూ కదిలే ట్రాఫిక్‌లో బాగా వేడెక్కుతాయి. వీటి మరమ్మతు వీధి చివరి షెడ్డులో అయ్యేది కాదు. కాబట్టి ఇలాంటి బండిని కనీసం అరగంట ట్రాఫిక్‌లోనే నడిపి చూడాలి. ఖాళీ రోడ్డు మీద ఇచ్చే టెస్ట్ డ్రైవ్ అమ్మేవాళ్లకు అనుకూలం, కొనేవాళ్లకు కాదు.

కడుపు రాసుకున్న గుర్తులు

సెడాన్ నేలకు దగ్గరగా ఉంటుంది. పొడవూ ఎక్కువే. మన స్పీడ్ బ్రేకర్ల సంగతి చెప్పేదేముంది! అయిదుగురు ఎక్కితే కొన్ని బండ్లకు కడుపు నేలను రాసుకోవాల్సిందే. అందుకే హ్యాచ్‌బ్యాక్ కంటే సెడాన్‌కి కింది భాగం చూడటం మరీ ముఖ్యం. మెకానిక్ షెడ్డులో ర్యాంపు ఎక్కించి చూడాలి. ఆయిల్ ఛాంబర్‌కి సొట్ట పడిందా, ఆయిల్ చెమరుస్తోందా, సైలెన్సర్ పైపు ఒరుసుకుపోయిందా, ఇంజిన్‌ను మోసే దూలం వంగిందా అన్నవి అక్కడే తెలుస్తాయి.

తర్వాత గతుకుల రోడ్డు మీద ఏసీ ఆపేసి, అద్దాలు దించి, పాటలు కట్టేసి మెల్లగా నడపాలి. ముందు చక్రాల దగ్గర టకటకమంటే లింక్ రాడ్లు, బుష్‌లు, బాల్ జాయింట్లు. స్పీడ్ బ్రేకర్ దిగాక బండి రెండు మూడుసార్లు ఊగితే షాక్ అబ్జార్బర్లు. స్టీరింగ్ ఒకవైపు పూర్తిగా తిప్పి మలుపు తీసుకునేటప్పుడు కటకటమంటే యాక్సిల్ జాయింట్లు. వేగం పెరిగేకొద్దీ ఊఁ... అని మూలుగు వస్తే చక్రం బేరింగ్. ఇవన్నీ వయసొచ్చిన బండికి సహజమే. ఒక్కోటి పెద్ద ఖర్చు కాదు. అన్నీ కలిస్తే మాత్రం భారీ బిల్లే. కాబట్టి జాబితా రాసుకుని బేరమాడాలి.

చదునైన రోడ్డు మీద స్టీరింగ్‌ను ఓ క్షణం వదులుగా పట్టుకుంటే బండి తిన్నగా వెళ్లాలి. బ్రేకు వేసినప్పుడు ఏ పక్కకీ లాగకూడదు. ఒక పక్కకి లాగుతూ, టైర్లు కూడా ఒక అంచునే అరిగి ఉంటే అలైన్‌మెంట్ చేయించి చూడాలి. అప్పటికీ కుదరకపోతే ఎప్పుడో గట్టి దెబ్బే తగిలి ఉంటుంది.

టైరు పక్కన చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైందన్నమాట. పైన గాడులు ఎంత లోతుగా కనిపించినా, ఆరేళ్లు దాటిన టైర్లయితే కొత్త టైర్ల ఖర్చు లెక్కలో కలుపుకోవాలి.

రంగు కింద రహస్యం

ప్రమాదం జరిగిన ప్రతి బండీ పనికిరానిది కాదు. బంపర్ మార్చడం, డోరుకు టింకరింగ్ చేయించడం మన ట్రాఫిక్‌లో అందరికీ తప్పదు. భయపడాల్సింది బండి ఎముకల గూడుకు దెబ్బ తగిలినప్పుడే. పగటి వెలుగులో, బండి పొడిగా ఉన్నప్పుడు చూడాలి. బానెట్‌కీ ఫెండర్‌కీ మధ్య సందు రెండు వైపులా ఒకేలా ఉందా? బానెట్, ఫెండర్ల బోల్టుల మీద రంగు చెదిరిందా? బానెట్ ఎత్తితే లోపలి అంచుల్లో కంపెనీ వేసిన వెల్డింగ్ చుక్కలు వరసగా ఉన్నాయా, చేత్తో చేసిన అతుకులున్నాయా? డోర్ల రబ్బరు లాగి చూస్తే స్తంభాల మీద అతుకు కనిపిస్తోందా?

డిక్కీలో పరుపు ఎత్తి, స్టెప్నీ బయటికి తీసి ఆ గుంతను చూడటం ఎవరికీ తోచదు. వెనక నుంచి గుద్దిన బండికి అక్కడ రేకు ముడతలు పడుతుంది. నీళ్లు చేరిన బండికి అక్కడ తుప్పు పడుతుంది. రెండు రహస్యాలూ అక్కడే దొరుకుతాయి.

ఎయిర్‌బ్యాగుల విషయంలో మరో సంగతీ ఉంది. టకాటా సంస్థ తయారుచేసిన ఎయిర్‌బ్యాగులు విచ్చుకున్నప్పుడు లోహపు ముక్కలు దూసుకొచ్చే లోపం బయటపడటంతో ప్రపంచమంతా కోట్ల కార్లను కంపెనీలు వెనక్కి పిలిచాయి. మనదేశంలో పాత హోండా సిటీ లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి. ఆ భాగాన్ని ఉచితంగానే మార్చారు. కొనబోయే బండికి మార్చారో లేదో ఛాసిస్ నంబరు చెబితే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో తేలిపోతుంది.

వరదలో మునిగిందా?

2015లో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ... ప్రతి వరదలోనూ ఎన్నో కార్లు మునిగాయి. బీమా కంపెనీలు పూర్తి నష్టంగా లెక్కగట్టిన బండ్లు వేలంలో అమ్ముడవుతాయి. వాటిలో కొన్ని శుభ్రంగా ముస్తాబై, వేరే ఊళ్లో, వేరే రాష్ట్రంలో మళ్లీ అమ్మకానికొస్తాయి. ఇంజిన్ నడుస్తుంది. ఏసీ చల్లగానే వస్తుంది. కానీ తడిసిన వైర్లూ కనెక్టర్లూ లోలోపల తుప్పు పడుతూ నెలల తర్వాత ఒక్కోటిగా మొండికేస్తాయి. ఈరోజు పవర్ విండో, రేపు సెన్సర్, ఎల్లుండి స్టార్టే కాదు. ఈ జబ్బుకు అంతు ఉండదు.

కనిపెట్టే దారులున్నాయి. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగాలి. లోపలి భాగంలో బురద మరకో, నీటి గీతో కనిపిస్తే సందేహమే అక్కర్లేదు. సీటు కింద పట్టాలు, బోల్టులు తుప్పు పట్టాయా చూడాలి. కార్పెట్ మూల ఎత్తి వేలితో తడిమితే సన్నని ఒండ్రు తగులుతుంది. హెడ్‌లైట్ల లోపల తేమ, ఫ్యూజ్ బాక్సులో పచ్చని చిలుము కూడా గుర్తులే. తలుపు తీయగానే ఘాటైన సెంటు వాసన కొట్టిందంటే... దేన్నో కప్పిపుచ్చుతున్నారేమో ఆలోచించాలి.

నిన్నటి ట్యాక్సీ, నేటి సొంత కారు

డిజైర్, ఎటియోస్, ఎక్సెంట్ లాంటి సెడాన్లు ట్యాక్సీలుగా విపరీతంగా తిరిగాయి. పసుపు బోర్డు తీసి తెల్ల బోర్డుకు మార్చుకోవడం చట్టప్రకారం చేసుకోదగిన పనే. అయితే ఆ సంగతి చెప్పకుండా, మీటరు వెనక్కి తిప్పి అమ్మితేనే మోసం. ట్యాక్సీ ఏడాదిలో నడిచే దూరం సొంత బండికి నాలుగైదేళ్లు పడుతుంది.

మీటరు అబద్ధం చెప్పినా మిగతా భాగాలు నిజం చెబుతాయి. యాభై వేల కిలోమీటర్లే అని చూపించే బండిలో క్లచ్, బ్రేకు పెడళ్ల రబ్బరు నున్నగా అరిగిపోయి ఉండదు. స్టీరింగ్ తోలు మెరవదు. డ్రైవర్ సీటు ఒక పక్కకు కుంగదు. సొంత బండ్లలో వెనక డోరు పిడి, వెనక సీటు సామాన్యంగా కొత్తగానే ఉంటాయి, అవీ బాగా నలిగి ఉంటే ఆలోచించాలి. రిజిస్ట్రేషన్ నంబరుతో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పాత రికార్డు అడిగితే ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లున్నాయో తెలుస్తుంది. మెకానిక్ దగ్గరుండే ఓబీడీ స్కానర్ తగిలిస్తే కంప్యూటర్‌లో నమోదైన లోపాలు బయటికొస్తాయి. 'నిన్ననే అన్ని ఎర్రర్లూ చెరిపేశారు' అన్నది కూడా ఆ పరికరంలో పసిగట్టొచ్చు.

డిక్కీలో సీఎన్‌జీ సిలిండరు ఉంటే అది ఆర్సీలో నమోదై ఉండాలి. మూడేళ్లకోసారి చేయించాల్సిన హైడ్రో పరీక్ష కాగితం చూడాలి. సిలిండరు తీసేసిన బండిలో డిక్కీ నేలకు రంధ్రాలు, వెనక స్ప్రింగులు కుంగడం మిగిలిపోతాయి.

ఏసీకి ఇరవై నిమిషాలు

మన వేసవికి ఏసీ లేని కారు ఇనుప పొయ్యే. అయిదు నిమిషాలు చల్లగాలి తగలగానే సంతోషపడొద్దు. బండిని నిలిపి ఉంచి, ఏసీ వేసి ఇరవై నిమిషాలు ఆగాలి. చల్లదనం తగ్గకూడదు. టెంపరేచర్ ముల్లు మధ్యలో నిలకడగా ఉండాలి. రేడియేటర్ ఫ్యాను తిరిగి ఆగుతుండాలి. గ్యాస్ నింపించి అమ్మిన బండిలో లీకు ఉంటే నెల తిరక్కుండానే చల్లదనం పోతుంది. కూలింగ్ కాయిల్ మార్చాలంటే చాలా బండ్లలో డ్యాష్‌బోర్డు విప్పాలి.

విడిభాగాల సంగతి కూడా ముందే ఆలోచించుకోవాలి. షెవర్లే కార్ల అమ్మకాలు మనదేశంలో 2017తో ఆగిపోయాయి. ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించింది. ఎటియోస్ తయారీ 2020లో నిలిచిపోయింది. ఇలాంటివి చవగ్గా రావడానికి అదీ ఓ కారణం. బండి మంచిదే కావచ్చు. కానీ మీ ఊళ్లో దాన్ని బాగుచేసే మెకానిక్, దొరికే సామాను ఉన్నాయో లేదో కనుక్కున్నాకే ముందుకెళ్లాలి.

కాగితాలూ యంత్రంలో భాగమే

ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీతో సరిపోలాలి. ఫైనాన్స్ ఉంటే తీరిపోయినట్టు బ్యాంకు ఇచ్చే పత్రంతోపాటు ఫారం 35 ఉండాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. వేరే రాష్ట్రం బండి చవగ్గా వస్తోందంటే అక్కడి నుంచి ఎన్‌ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్కేసుకోవాలి. చాలాసార్లు ఆ చవక అక్కడే కరిగిపోతుంది. ట్రాఫిక్ చలాన్లు బకాయి ఉన్నాయేమో ఆన్‌లైన్‌లో చూడాలి. కొన్నాక 29, 30 ఫారాలతో పేరు మార్పించుకోవడం, 14 రోజుల్లో బీమా కూడా మీ పేరు మీదికి మార్చమని దరఖాస్తు చేయడం మరవకూడదు.

మూడు గంపలు

అన్నీ చూశాక కనిపించిన లోపాలను మూడు గంపల్లో వేసుకోవాలి.

దండం పెట్టి వచ్చేయాల్సినవి: నీలం పొగ, ఆగని తెల్లపొగ, పాలరంగు ఆయిల్, స్తంభాలకో ఛాసిస్‌కో అతుకులు, వరద గుర్తులు, వెలగని ఎయిర్‌బ్యాగ్ దీపం, సరిపోలని నంబర్లు, జారిపోయే గేరు. వీటికి ఎంత తగ్గించినా ఆ బండి ఖరీదైనదే.

ధర తగ్గించి అడగాల్సినవి: క్లచ్, టైర్లు, బ్యాటరీ, షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు, బేరింగ్, ఏసీ లీకు, బిల్లు లేని టైమింగ్ బెల్టు. ఒక్కోటి ఎంతవుతుందో మెకానిక్‌తో కాగితం మీద రాయించి, ఆ కాగితమే అమ్మేవాళ్ల ముందు పెట్టాలి. నోటిమాట కంటే అంకెకు బలమెక్కువ.

పట్టించుకోనక్కర్లేనివి: బంపర్ గీతలు, డోరు సొట్టలు, వెలిసిన సీటు గుడ్డ, పాతబడ్డ స్టీరియో. విచిత్రమేమిటంటే చాలామంది వీటి దగ్గరే గంటసేపు బేరమాడతారు!

ఈ తనిఖీ అంతా ఒక్కరి వల్ల కాదు. అమ్మేవాళ్లు చూపించిన మెకానిక్‌ని కాకుండా, మీకు తెలిసినతన్ని వెంట తీసుకెళ్లాలి. లక్షలు పెట్టే చోట అతనికిచ్చే వెయ్యో రెండు వేలో ఖర్చు కాదు. 'తనిఖీకి ఒప్పుకోం', 'ఇంకో పార్టీ సాయంత్రం అడ్వాన్సు తెస్తోంది' అని తొందరపెడితే ఆ తొందరే ఓ లోపంగా లెక్కేసుకోవాలి. చేతిలో ఉన్నదంతా బండికే పెట్టేయకుండా ధరలో పదో వంతైనా పక్కన ఉంచుకోవాలి. కొన్న వెంటనే ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మార్పించి ఆ తేదీ, మీటరు అంకె ఓ పుస్తకంలో రాసుకోవాలి. రేపు మీరు ఆ బండి అమ్మేటప్పుడు కొనేవాళ్లు అడిగే మొదటి కాగితం అదే.